తోటలో కాపలా కుక్క: కరిచింది అది, తప్పు నాది



మామూలుగా ఇక్కడ జీవామృతం గురించో, మామిడిలో తేనెమంచు పురుగు గురించో రాస్తుంటాను. ఈసారి కుక్క గురించి రాస్తున్నాను. పైన పెట్టిన వీడియోలో గేటు దగ్గర కనపడే నల్ల కుక్క మా టైగర్. కాపు వీడియో పెట్టిన ప్రతిసారీ కాయల గురించి అడిగేవాళ్ళ కంటే దీని గురించి అడిగేవాళ్ళే ఎక్కువ. "అన్నా, ఏ జాతి? కోతులు రాకుండా ఆపుతుందా? పిల్ల ఉంటే ఒకటి ఇస్తావా?" అని. జవాబు చెప్పే ముందు ఈ కుక్క చేసిన పని ఒకటి చెప్పాలి. దానికంటే ముందు, నేను చేయకుండా వదిలేసిన పని చెప్పాలి.

ఆ రోజు పొద్దున

మా నూజివీడు వైపు చిన్నరసాలు దిగే రోజుల్లో తోటలో నిద్ర ఉండదు. పగలు కోతులు, రాత్రి అడవిపందులు. మధ్యలో కాయ కోసుకుపోయేవాళ్ళు, మోటారు తీగ కత్తిరించుకుపోయేవాళ్ళు. అందుకే మూడేళ్ళ కింద ఆరు వేలు పెట్టి ఒక కుక్కపిల్లను తెచ్చాను. అమ్మినాయన రాట్‌వైలర్ క్రాస్ అన్నాడు. అప్పటికి దాని వయసు 35 రోజులు. పగలంతా గొలుసు, రాత్రి తొమ్మిదికి విప్పడం, తెల్లారి ఆరింటికి మళ్ళీ కట్టేయడం. ఇదీ పద్ధతి.

ఆ రోజు విజయవాడ పంపాల్సిన కాయల పెట్టెలు తూకం వేస్తూ కుక్కను కట్టేయడం మర్చిపోయాను. మా తోటలో కోతకి వచ్చే అక్క కొడుకు, తొమ్మిదేళ్ళ పిల్లాడు, రాలిన కాయలు ఏరుకుందామని వెనక కంచె సందులోంచి వచ్చాడు. రాలిన కాయలు ఏరుకోమని చెప్పింది నేనే. వాడు పరిగెత్తాడు. పిల్లాడు పరిగెత్తితే కుక్క వెంటపడుతుంది. మేం వెళ్ళేసరికి పిక్క పట్టేసి ఉంది. విడిపించడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది.

వాళ్ళ నాయనమ్మ పరిగెత్తుకొచ్చి గాయంలో కారం అద్దింది. నేను వాణ్ణి ఎత్తుకుని బోరు దగ్గరికి తీసుకెళ్ళి, నీళ్ళు వదిలి, బట్టల సబ్బు పెట్టి కడగడం మొదలుపెట్టాను. పెద్దావిడ అడ్డం వచ్చింది.

"పక్క ఊళ్ళో పసరు పోస్తారు. మూడు రోజులు పథ్యం ఉంటే పోద్ది."

"వద్దు పెద్దమ్మా, సూది వేయించాల్సిందే."

"నువ్వే కదయ్యా మందులన్నీ విషం అంటావు. చేలో ఒక్క చుక్క కొట్టనివ్వవు. పిల్లాడికి మాత్రం సూదులు పొడిపిస్తావా?"

చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. నాకు వెంటనే మాట రాలేదు. ఎందుకంటే ఆ మాటలు నిజంగా నావే. ప్రతి మీటింగులో, ప్రతి వీడియోలో నేను చెప్పేవే.

ప్రకృతి సేద్యం అంటే టీకా వద్దనడం కాదు

ఆ రోజు అక్కడ చెప్పలేని జవాబు ఇప్పుడు రాస్తున్నాను. మనలో చాలామందికి ఈ విషయంలో ఒక గందరగోళం ఉంది.

చేలో పేనుబంక వస్తే నీమాస్త్రం కొడతాం. పని చేయకపోతే వారం ఆగి ఇంకోటి కొడతాం. ఈలోగా అక్షింతల పురుగులు వస్తాయి, ప్రకృతి సర్దుకుంటుంది. తప్పు చేసినా దిద్దుకోవడానికి టైము ఉంటుంది. రేబిస్‌లో ఆ టైము లేదు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. నీళ్ళు చూస్తే గొంతు పట్టేయడం, గాలి తగిలితే వణికిపోవడం మొదలైతే డాక్టరు చేయగలిగింది కూడా చాలా తక్కువ.

క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. గాయంలోంచి నరం పట్టుకుని మెల్లగా మెదడు వైపు నడుస్తుంది. మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఏడాది కూడా. కాటు తలకి దగ్గరగా ఉంటే, చిన్నపిల్లలైతే, తొందరగా చేరుతుంది. అది మెదడుకి చేరేలోపు ఒంట్లో రక్షణ తయారవ్వాలి. టీకా చేసే పని ఇదే. 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక కుర్రాడికి ఈ టీకా ఇచ్చినప్పుడు వాడుకున్నది కూడా ఈ మధ్య గడువునే.

మరి పసరుతో బతికినవాళ్ళు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. కరిచిన ప్రతి కుక్కకీ రేబిస్ ఉండదు. ఆ కుక్కకి జబ్బే లేకపోతే పసరు పోసినా, పోయకపోయినా మనిషి బతుకుతాడు. పేరు మాత్రం పసరుకి వస్తుంది. జబ్బున్న కుక్క కరిచినవాడు రెండు నెలల తర్వాత పోతే, అప్పటికి పసరు సంగతి ఎవరికీ గుర్తుండదు. చేలో కంట్రోల్ ప్లాట్ వదలకుండా "నా మందు బాగా పనిచేసింది" అంటే మనం ఒప్పుకుంటామా? ఇదీ అంతే.

సూదులంటే భయం ఇంకోటి. మన పెద్దవాళ్ళకి బొడ్డు చుట్టూ పొడిచే 14 సూదులు గుర్తు. అవి గొర్రె మెదడు నుంచి తయారుచేసిన పాత టీకాలు. మన దేశంలో వాటి వాడకం ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు చేతికే ఇస్తారు.

కరిస్తే ఏం చేయాలి

ఇది మీ షెడ్డు గోడ మీద రాసిపెట్టుకోండి.

మొదటిది, పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. రెండు నిమిషాలు కాదు, ఫోన్లో టైము చూసి పదిహేను. ఈ ఒక్క పనితోనే గాయంలో ఉన్న క్రిమి చాలావరకు కొట్టుకుపోతుంది. తర్వాత అయోడిన్ లోషన్ ఉంటే రాయాలి.

రెండోది, కారం, సున్నం, కాఫీ పొడి, పసుపు, ఆకు పసరు, ఏదీ పెట్టకూడదు. అవి పుండుని రేపి క్రిమిని ఇంకా లోపలికి తోస్తాయి. గట్టిగా కట్టు కట్టకూడదు. వీలైనంతవరకు వెంటనే కుట్లు వేయించకూడదు.

మూడోది, అదే రోజు ఆసుపత్రికి. గాయాన్ని డాక్టర్లు మూడు తరగతులుగా చూస్తారు. గాయం లేని చర్మం మీద నాకితే మొదటి తరగతి, దీనికి కడుక్కుంటే చాలు. రక్తం రాని గీత అయితే రెండోది, టీకా కావాలి. రక్తం వచ్చిన కాటు, తెగిన చర్మం మీద గానీ నోటి మీద గానీ చొంగ పడటం మూడోది. దీనికి టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ సూది కూడా కావాలి. టీకా ఒంట్లో పని మొదలుపెట్టేదాకా కాపాడేది అదే. టీకా ఉన్న ప్రతి ఆసుపత్రిలోనూ ఇది ఉండదు. బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మేం ముందు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, అక్కడ లేక, మళ్ళీ పెద్దాసుపత్రికి పరిగెత్తాం. మధ్యాహ్నం రెండయింది.

నాలుగోది, కోర్సు పూర్తి చేయాలి. చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. కండకి ఇచ్చే పద్ధతిలో అయితే 14వ రోజు కూడా. గాయం మానిపోయింది కదా అని మూడో సూదికి ఎగ్గొట్టేవాళ్ళు చాలామంది. గాయం మానడానికీ, రేబిస్‌కీ సంబంధం లేదు.

డాక్టరు అడిగిన ఒక్క ప్రశ్న

ఆసుపత్రిలో డాక్టరు గారు గాయం చూసి నన్ను ఒకటే అడిగారు. "కుక్క మీదేనా? టీకా కార్డు ఉందా?"

కుక్క నాదే. కార్డు లేదు.

పీజీఎస్ సర్టిఫికెట్ కోసం ఏ మడిలో ఎప్పుడు ఏం చల్లానో, ఏ తేదీన ఎంత కోశానో రిజిస్టరు రాసే మనిషిని నేను. అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాణ్ణి. ఆవులకి గాలికుంటు టీకా తేదీ ఎప్పుడూ తప్పలేదు. కుక్కకి మాత్రం మూడేళ్ళలో ఒక్క సూది వేయించలేదు. "పల్లెటూరి కుక్కకి ఏమవుద్దిలే" అనుకున్నాను. మీలో ఎంతమంది అదే అనుకుంటున్నారో నాకు తెలుసు.

డాక్టరు ఇంకో మాట చెప్పారు. కుక్కను చంపొద్దు, తరిమేయొద్దు, కట్టేసి పది రోజులు చూడమన్నారు. కరిచే సమయానికి చొంగలో క్రిమి ఉంటే ఆ కుక్క పది రోజుల్లోపే జబ్బు పడి చచ్చిపోతుంది. బాగుంటే ఆ కాటు నుంచి రేబిస్ రాదని అర్థం. అలాగని పది రోజులు ఆగి టీకా వేయించుకుందాం అనుకోకూడదు. టీకా ఆ రోజే మొదలవ్వాలి.

ఆ పది రోజులు రోజూ పొద్దున లేవగానే ముందు దాని దగ్గరికి వెళ్ళేవాణ్ణి. నీళ్ళు తాగుతోందా, మెతుకు ముడుతోందా, నోరు వేలాడేస్తోందా అని చూసేవాణ్ణి. కోత కూడా సరిగ్గా పట్టించుకోలేదు. పదకొండో రోజు అది మామూలుగా తోక ఊపింది. ఆసుపత్రి ఖర్చులు, వాళ్ళమ్మ పోగొట్టుకున్న కూలి రోజులు నేనే ఇచ్చాను. ఆమె తీసుకుని ఒకటే మాట అంది. "డబ్బులు సరే తమ్ముడూ, వాడు రాత్రిళ్ళు లేచి అరుస్తన్నాడు."

జాతి కంటే ముందు పెంపకం

ఊళ్ళో సలహాలకి కొదవ లేదు. విషం పెట్టమన్నారు కొందరు. దూరంగా తీసుకెళ్ళి వదిలేయమన్నారు కొందరు. వదిలేస్తే అది ఇంకో ఊళ్ళో ఇంకో పిల్లాణ్ణి కరుస్తుంది. నా పేరు రాదు, అంతే తేడా.

కొందరు జాతి మీదకి తోశారు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 జాతుల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకి లేఖ రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, సంబంధించినవాళ్ళ మాట వినకుండా ఇచ్చారని దాన్ని కొట్టేసింది. ఆ వాదన ఎటు తేలినా మన తోటలో లెక్క మారదు. పెద్ద దవడ ఉన్న కుక్క కరిస్తే గాయం పెద్దది అవుతుంది, అది నిజం. కానీ ఊరకుక్క కరిచినా రేబిస్ ఒకటే.

మా టైగర్ అలా ఎందుకు తయారైందో కూర్చుని రాసుకుంటే ఒక్కొక్కటీ నా దగ్గరికే వచ్చింది. తల్లి దగ్గర కనీసం రెండు నెలలు ఉండాల్సిన పిల్లను 35 రోజులకే తెచ్చాను. మూడు వారాల నుంచి మూడు నెలల వయసు దాకా కుక్కపిల్ల ఎవరిని చూస్తే వాళ్ళని తన వాళ్ళుగా నేర్చుకుంటుంది. ఆ వయసులో దానికి నేను తప్ప ఎవరూ కనపడకుండా పెంచాను. అందరికీ అలవాటైతే కాపలా కాయదని ఎవరో చెప్పారు. పగలంతా నాలుగడుగుల గొలుసు. దారిన పోయే కుర్రాళ్ళు రాళ్ళేస్తుంటే నవ్వి ఊరుకున్నాను, "కోపం పెరగాలిలే" అని. కట్టేసిన కుక్కకి పారిపోయే దారి ఉండదు. దానికి మిగిలింది కరవడమే. విప్పినా ఆ బుద్ధి పోదు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, మన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు గానీ, ఐదు వేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. "కుక్క ఉంది జాగ్రత్త" అని బోర్డు పెట్టినంత మాత్రాన చేతులు దులుపుకోలేం. తొమ్మిదేళ్ళ పిల్లాడు బోర్డు చదువుకుని కాయలు ఏరుకోడు. ఇంకో వైపు, 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం కుక్కను ఎప్పుడూ పొట్టి గొలుసుకి కట్టి ఉంచడం, తిప్పకపోవడం కూడా నేరమే. అంటే నేను రెండు వైపులా తప్పులోనే ఉన్నాను.

ఇప్పుడు ఏం మార్చాను

వీడియోలో ఇవన్నీ చూపించాను. ఇక్కడ క్లుప్తంగా.

టీకా: కుక్కపిల్లకి మూడు నెలలకి మొదటి రేబిస్ టీకా, తర్వాత బూస్టర్, ఆపైన ఏటా ఒకసారి. కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి షెడ్డులో వేలాడదీశాను. ఏటా సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినం సందర్భంగా చాలా పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ముందే కనుక్కోండి.

ఆపరేషన్: టైగర్‌కి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాను. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు కుక్క టీకా, నట్టల మందు, ఈ ఆపరేషన్, మూడూ యజమాని బాధ్యతే. మన ఆడకుక్కలు ఈనితే ఆ పిల్లల్ని సంచిలో వేసి సంత దగ్గరో రోడ్డు పక్కనో వదిలేస్తున్నాం. తర్వాత వీధికుక్కలు పెరిగిపోయాయని మనమే అంటాం. పిల్లలుంటే ఇమ్మని అడిగినవాళ్ళకి నా జవాబు ఇదే. పిల్లలు ఉండవు.

కట్టే పద్ధతి: రెండు రాతి స్తంభాల మధ్య నలభై అడుగుల దూరంలో, ఏడడుగుల ఎత్తున జీఐ తీగ లాగాను. దానికో రింగు, రింగుకి గొలుసు. కుక్క ఆ నలభై అడుగులూ తిరుగుతుంది. గొలుసు స్తంభానికి చుట్టుకోకుండా రెండు చివర్లా అడ్డు బిగించాలి. నీడ, నీళ్ళు గొలుసు అందే చోటే ఉండాలి. ఇది గేటుకీ, బాటకీ అందనంత దూరంలో పెట్టాలి. మొత్తం ఖర్చు ఒక పెట్టె కాయల డబ్బు లోపే.

విప్పే వేళ: కంచె సందులన్నీ పూడ్చాక మాత్రమే రాత్రి విప్పుతున్నాను. కోతల రోజుల్లో అసలు విప్పను. కట్టేశానని నాకు ఫొటో వచ్చేదాకా గేటు తీయరు, తోటలో ఉన్నది నేనైతే ఆ ఫొటో మా నాన్నకి వెళ్తుంది. అడవిపందుల మీదకి కుక్కను వదలడం మానేశాను. పంది కోర తగిలితే కుక్క పేగులు బయటికొస్తాయి. కంచె చేయాల్సిన పని కుక్క చేయలేదు.

మనుషులు: తోటకి వచ్చేవాళ్ళ చేత దానికి దూరం నుంచి తిండి పెట్టిస్తున్నాను, నేను పక్కనుండి. ఏడాదిలో చాలా మారింది. అయినా పిల్లల దగ్గర దాన్ని నమ్మను. నమ్మకపోవడం నా పని.

పెంట: కుక్క పెంటను ఘన జీవామృతంలో గానీ, కంపోస్టులో గానీ, కూరగాయల మడుల్లో గానీ కలవనివ్వొద్దు. దాంట్లో ఉండే నట్టల గుడ్లు మనుషులకి ఎక్కుతాయి. గుంట తీసి పూడ్చేయండి. మేక, గొర్రె కోసినచోట పచ్చి పేగులు, కాలేయం కుక్కకి వేయొద్దు. మూడు నెలలకోసారి నట్టల మందు వేయండి.

ఆవులున్నవాళ్ళకి ఇంకో మాట. పిచ్చికుక్క ఆవుని కరిచినా రేబిస్ వస్తుంది. ఆవు ఊరికే అరుస్తూ, చొంగ కారుస్తూ, మింగలేక ఉంటే మనం గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెడతాం. పెట్టొద్దు. ముందు పశువుల డాక్టర్ని పిలవండి. అప్పటికే చెయ్యి పెట్టి ఉంటే సబ్బుతో కడుక్కుని మీరూ ఆసుపత్రికి వెళ్ళండి. కుక్క కరిచిన ఆవుకి కూడా వరసగా టీకాలు వేస్తారు, ఆలస్యం చేయకూడదు.

చివరిగా

పిల్లాడు నాలుగు సూదులూ వేయించుకున్నాడు. బాగున్నాడు, బడికి వెళ్తున్నాడు. వాళ్ళ నాయనమ్మే ఇప్పుడు ఊళ్ళో ఎవరినైనా కుక్క కరిస్తే "ముందు సబ్బెట్టి కడగండి" అని చెబుతోందట.

ఈ ఏడు కోతలకి వాళ్ళమ్మ మళ్ళీ మా తోటకి వచ్చింది. వాడూ వచ్చాడు. కానీ గేటు బయటే నిలబడ్డాడు. టైగర్ తీగ దగ్గర కట్టేసే ఉంది, నేను పిలిచాను, రాలేదు. రాలిన కాయలు నేనే బుట్టలో ఏరి బయటికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఇంక ఆ బాకీ అలా తీరుస్తూనే ఉండాలి.

మన చేలో విషం లేదని గర్వంగా చెప్పుకుంటాం. చేలోకి అడుగుపెట్టిన పిల్లాడు భయం లేకుండా బయటికి వెళ్ళగలిగినప్పుడే ఆ మాట పూర్తిగా నిజం. మీ కుక్క టీకా కార్డు ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. లేకపోతే రేపు పొద్దున పాలు పోసి వచ్చేటప్పుడు పశువుల ఆసుపత్రి మీదుగా రండి.